బడి బయటి పాఠంలో ఎవరి చెయ్యి, ఎవరి కాగితం?

పిల్లల్ని నాలుగు గోడల మధ్య బంధించొద్దు, బయటికి తీసుకుపోవాలి, మట్టిని చేత్తో పట్టుకోనివ్వాలి, రాయిని పగలగొట్టి చూపించాలి, వాగు దగ్గర నిలబెట్టి వాగు గురించి చెప్పాలి. టీచర్ల శిక్షణా తరగతుల్లో ఈ మాట మూడు దశాబ్దాలకు పైగా వింటున్నాం. మాలో టీచర్లుగా ఉన్నవాళ్ళు ఈ మాటను చెప్తూ కూడా వచ్చారు. మంచి మాటే, దాంతో మాకు పేచీ లేదు. కాకపోతే విన్న ప్రతిసారీ ఒక అనుమానం కాలికి అడ్డం తగుల్తది. ఇంతకాలం నాలుగు గోడల మధ్య బందీ అయి ఉన్న ఆ పిల్లలెవరు?

మాదిగవాడ పిల్లగాడు ఆ గోడల లోపల ఉన్నదెప్పుడు? వాని తాతను బడి అరుగు ఎక్కనియ్యలేదు. వాని తండ్రి బడి ఈడులో దొర గొడ్ల వెంట తిరిగాడు. బడిలో చేరిన అంబేడ్కర్ సైతం ఇంటి నుంచి గోనెపట్టా తెచ్చుకుని విడిగా కూర్చోవలసి వచ్చింది, నీళ్ళు పోసే నౌకరు రాని రోజు దప్పికతోనే ఉండవలసి వచ్చింది. ఆయనే రాసుకున్న సంగతి ఇది. బయట అనేది కొందరు పిల్లలకు నెలకోసారి దొరికే సరదా అయితే, ఇంకొందరికి పుట్టిన దగ్గర్నుంచీ ఉంటున్న చోటు. ఈ రెండు రకాల పిల్లల్ని ఒకే వరసలో నిలబెట్టి "పదండి, ప్రకృతిని చూద్దాం" అంటే ఆ పాఠంలో ఏం జరుగుతుంది? ప్రాథమిక పాఠశాలల్లో పరిసరాల విజ్ఞానం పేరుతో నడిచే నేల, రాయి, నీటి పాఠాల్ని మేము ఈ ప్రశ్నతోనే చూడదలుచుకున్నాం.

మేము చూసిన ఒక పాఠంతో మొదలుపెడతాం. దక్షిణ తెలంగాణలో ఒక ఊరు, ఒక ప్రాథమిక పాఠశాల, నాలుగో తరగతి. ఊరి పేరు అక్కర్లేదు, ఏ ఊరైనా అంతే. సార్ మంచివాడు, కష్టపడే మనిషి. సొంత డబ్బులతో నాలుగు భూతద్దాలు కొన్నాడు. నేలల పాఠం కోసం పిల్లల్ని బడి నుంచి ఆంజనేయస్వామి గుడి మీదుగా చెరువు కట్టకు, అక్కణ్ణుంచి ఒక పటేలు మామిడితోటకు తీసుకుపోయాడు. చింతచెట్టు దాకా వచ్చి వెనక్కి తిరిగారు. చింతచెట్టు దాటితే మాదిగవాడ. అటెందుకు పోలేదని అడిగితే సార్ ఏ కపటమూ లేకుండా, "అటు చూడ్డానికేముంది, ఎండ గూడా ఎక్కింది" అన్నాడు. మూడు మట్టి నమూనాలు తీశారు, మూడూ పటేలు చెలకలవే.

తవ్వింది ఎవరు? గడ్డపార మోసుకొచ్చిన పిల్లవాడు. వాడిది చింతచెట్టు అవతలి వాడ. "నువ్వైతే మంచిగ తవ్వుతవ్ రా" అని సార్ మెచ్చుకున్నాడు కూడా. వాడు తవ్వుతుంటే మిగతా పిల్లలు చుట్టూ మూగి, భూతద్దంలో చూసి, ఇచ్చిన కాగితంలో రంగు, గరుకు, తడి అనే గళ్ళు నింపుకున్నారు. బడికి తిరిగొచ్చాక కాగితాలన్నీ తీసి చూశాం. వాడి కాగితం ఖాళీగా ఉంది. ఎందుకు రాయలేదని అడిగితే తలొంచుకుని అన్నాడు: "చేతులకు మట్టున్నది సార్, కాగితం ఖరాబైతదని రాయలే."

ఈ ఒక్క జవాబు మమ్మల్ని చాలా రోజులు వెంటాడింది. చేసి నేర్చుకునే పాఠమని పేరు. తీరా చూస్తే చేసింది ఒకరు, నేర్చుకున్నట్టు మార్కులు పడ్డది ఇంకొకరికి. ఊళ్ళో వేల ఏళ్ళుగా నడిచిన పద్ధతే భూతద్దాలు పట్టుకుని తరగతిలోకి వచ్చింది. సార్ దుర్మార్గుడని మేము అనడం లేదు. ఏ దురుద్దేశమూ లేకుండానే ఇదంతా సాఫీగా జరిగిపోయింది చూడండి, మా బాధల్లా అదే.

ఈ పద్ధతి మన బడుల్లోకి ఎట్లా వచ్చిందో కొంచెం వెనక్కి పోయి చూడాలి. బ్రిటిష్ ప్రభుత్వ నిధులతో 1980ల మధ్యలో ప్రయోగంగా మొదలై, 1989 నుంచి 1996 దాకా పెద్ద ఎత్తున నడిచిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం, మన టీచర్ల నోళ్ళలో నలిగిన 'అప్పెప్', ఆరు బోధనా సూత్రాలు చెప్పింది. చేస్తూ, కనుక్కుంటూ, ప్రయోగాలు చేస్తూ నేర్చుకోవడం వాటిల్లో ఒకటి. స్థానిక పరిసరాల్ని వాడుకోవడం ఇంకొకటి. గోడల మీద పిల్లల బొమ్మలు, కిటికీల్లో గులకరాళ్ళు, విత్తనాలు, ఆకులు ఆ కాలంలోనే మా బడుల్లోకి వచ్చాయి. బెత్తం, ఎక్కాలు తప్ప ఏమీ లేని చోట అవి పెద్ద ఊరట. తర్వాత డీపీఈపీ వచ్చింది, సర్వశిక్షా అభియాన్ వచ్చింది, పుస్తకాలు మారాయి, ఆ సూత్రం మాత్రం పేర్లు మార్చుకుంటూ నిలబడింది.

కానీ ఆ 'స్థానిక పరిసరం' అనే మాటలో ఏమేం ఉన్నాయి? చెట్లున్నాయి, పక్షులున్నాయి, చెరువుంది, పోస్టాఫీసుంది. ఊరికీ వాడకూ మధ్య ఉన్న దూరం లేదు. ఎవరి బావిలో ఎవరు చేదుకుంటారన్నది లేదు. స్థానికతను లెక్కలోకి తీసుకోమన్న పథకం, మన పల్లెల్లో అన్నిటికంటే స్థానికమైన కులాన్ని తీసుకోలేదు. అది మరుపు కాదు, మర్యాద. పిల్లల ముందు కులం మాటెత్తకూడదన్న మర్యాద. ఆ మర్యాద ఎవర్ని కాపాడుతుందో వేరే చెప్పాలా?

చెయ్యికీ చదువుకూ ఉన్న సంబంధం గురించి ఈ దేశంలో రెండు వేరువేరు దారులున్నాయి. ఈ రెంటినీ కలగాపులగం చేసి 'శ్రమ గౌరవం' అని ఒకే పేరు పెడుతుంటారు. విడదీసి చూడాలె.

మొదటిది ఫూలేది. 1882లో హంటర్ కమిషన్‌కు ఇచ్చిన విజ్ఞాపనలో ఆయన ప్రాథమిక విద్యలో చదవడం, రాయడం, లెక్కలు, చరిత్ర, భూగోళం, వ్యాకరణంతో పాటు వ్యవసాయానికి సంబంధించిన ప్రాథమిక జ్ఞానం కూడా ఉండాలన్నాడు. టీచర్లు వీలైనంత వరకూ సేద్యపు కులాల నుంచి రావాలన్నాడు, నాగలి మేడి పట్టడానికి, వడ్రంగి బాడిస పట్టడానికి సిగ్గుపడనివాళ్ళు కావాలన్నాడు. గమనించండి, ఆయన శూద్రాతిశూద్రుల పిల్లల చేతికి నాగలి ఇమ్మనలేదు. అది వాళ్ళ ఇళ్ళలో ఎప్పుడూ ఉన్నదే. వాళ్ళకు అక్షరం ఇమ్మన్నాడు, నాగలి పట్టగల చేతిని టీచరు కుర్చీలో కూర్చోబెట్టమన్నాడు.

రెండోది రాజగోపాలాచారిది. 1953లో మద్రాసు రాష్ట్రంలో ఆయన తెచ్చిన పథకం ప్రకారం పల్లె బడుల్లో పిల్లలు రోజుకు మూడు గంటలే చదవాలి, మిగతా పూట తల్లిదండ్రుల వృత్తి నేర్చుకోవాలి. కోస్తా, రాయలసీమ జిల్లాలు అదే ఏడాది అక్టోబరు 1 దాకా ఆ రాష్ట్రంలోనివే. చాకలి కొడుకు చాకలి పని, మాదిగ కొడుకు తోలు పని నేర్చుకోవాలన్నమాట. బ్రాహ్మడి కొడుకు ఆ పూట ఏం నేర్చుకుంటాడో ఎవరూ చెప్పలేదు. ద్రవిడ ఉద్యమం దీన్ని కులవిద్య అని పేరు పెట్టి ఎండగట్టింది. 1954లో కామరాజ్ వచ్చి రద్దు చేశాడు. 1937 వార్ధా సభ నుంచి వచ్చిన గాంధీ నయీ తాలీమ్ ఇంత మొరటుది కాదు. అక్కడ చేతిపని అందరికీ, అది చదువుకు కేంద్రం. అయినా దళిత తల్లిదండ్రులు దాన్ని కూడా అనుమానంగా చూస్తే ఆ అనుమానానికి కారణాలున్నాయి.

ఇప్పుడు పైన చెప్పిన నాలుగో తరగతి పాఠాన్ని మళ్ళీ చూడండి. పేరు ఫూలేకు దగ్గరగా ఉంది, నడక రాజాజీ దారిలో ఉంది.

అయితే బయటి పాఠాన్ని వదిలేద్దామా? వదలడానికి వీల్లేదు. ఎందుకంటే నేల గురించీ, రాయి గురించీ, నీళ్ళ గురించీ ఈ గడ్డ మీద పోగైన జ్ఞానంలో చాలా భాగం దళిత బహుజన కులాల చేతుల్లోనే ఉంది. దాన్ని విజ్ఞానశాస్త్రంగా బడిలోకి తీసుకొచ్చే దారి కూడా ఈ బయటి పాఠమే. కొంచెం వివరంగా చెప్తాం, టీచర్లకు పనికొస్తది.

చౌడు నేల సంగతి తీసుకుందాం. ఊరి పల్లంలో తెల్లగా పొడి తేలిన నేల. పంట రాదు. పుస్తకంలో దాన్ని 'సాగుకు పనికిరాని నేల' అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. కానీ సబ్బులు రాక ముందు ఊరి బట్టలన్నీ తెల్లబడింది ఆ మట్టితోనే. చాకలి కులం వాళ్ళు ఆ చవుడు మట్టిని ఏరి తెచ్చి, నీళ్ళలో కలిపి, తేట తీసి, బట్టలు తడిపి ఉబ్బకు పెట్టేవాళ్ళు. ఆ మట్టిలో సోడియం లవణాలుంటాయి, అవి క్షారం, జిడ్డును కోసేస్తాయి. ఈ సంగతి మూడో తరగతి పిల్లలకు చెప్పడానికి ప్రయోగశాల అక్కర్లేదు. పసుపు నీళ్ళలో ముంచి ఆరబెట్టిన కాగితం ముక్క చాలు. చవుడు మట్టి కలిపిన నీటి తేటలో ముంచితే కాగితం ఎర్రబారుతుంది. చెలక మట్టి నీళ్ళలో ముంచితే పసుపు పసుపుగానే ఉంటుంది. పిల్లలు కేకలేస్తారు, మేము చూశాం. అప్పుడు రెండు ప్రశ్నలు అడగాలి. ఈ మట్టికి ఈ గుణముందని ముందుగా కనిపెట్టింది ఎవరు? ఈ పంట రాని నేల ఇప్పుడు ఎవరి పేరు మీద ఉంది? రెండో ప్రశ్నకు మేము తిరిగిన ఊళ్ళల్లో చాలాచోట్ల ఒకటే జవాబు. ప్రభుత్వం దళితులకు పట్టా ఇచ్చిన భూమి. భూమి పంచామని చెప్పుకున్న కాగితాల వెనక ఎట్లాంటి నేల పంచారో చెప్పే పాఠం పసుపు కాగితం మీదే ఉంది.

తంగేడు ఇంకో ఉదాహరణ. 2014లో అది తెలంగాణ రాష్ట్ర పుష్పమైంది. బడుల్లో బతుకమ్మ పూవుగా బొమ్మ గీయిస్తారు, బాగుంది. ఆ చెట్టు చెక్కను మాదిగలు ఏం చేశారన్నది మాత్రం ఆ బొమ్మ కింద ఎవరూ రాయించరు. పచ్చి తోలును సున్నపు నీళ్ళలో నానబెట్టి, వెంట్రుక ఊడేదాకా ఉంచి, తర్వాత తంగేడు చెక్క ఊరిన లందలో వారాల తరబడి ఉంచితే తోలు కుళ్ళకుండా, విరగకుండా పదునెక్కుతుంది. చెక్కలోని టానిన్ తోలులోని మాంసకృత్తిని పట్టుకుని బిగించడమే ఇందులోని కిటుకు. సున్నం ఎంత, చెక్క ఎంత, ఎన్నాళ్ళు అని లెక్కగట్టిన మనిషిని రసాయన శాస్త్రం తెలిసినవాడు అనాలా వద్దా? బావిలోంచి నీళ్ళు తోడిన మోట బొక్కెన ఆ తోలే. అంటే ఆ ఊళ్ళో పండిన ప్రతి గింజ వెనకా ఒక లంద ఉంది. లందను వాసనగా మాత్రమే గుర్తుపెట్టుకున్న సమాజం తంగేడును పూవుగా మాత్రమే గుర్తుపెట్టుకుంది.

రాయి సంగతి చూడండి. తెలంగాణ గుట్టల గ్రానైటు సుమారు రెండు వందల యాభై కోట్ల ఏళ్ళ నాటిది. ఆ రాయి ఒక వైపు తేలిగ్గా చీలుతుంది, ఇంకో వైపు మొండికేస్తుంది. వడ్డెర మనిషి ఉలితో వరసగా గుంతలు కొట్టి, ఇనుప మేకులు దిగ్గొట్టి, ఒక్కోదాన్నీ కొంచెం కొంచెంగా బిగిస్తూ పోతే గీత గీసినట్టు బండ విచ్చుకుంటుంది. సమ్మెట దెబ్బ శబ్దం మారితేనే లోపల పగులు ఎక్కడిదాకా పోయిందో చెప్తాడు. ఇది భూగర్భశాస్త్రమే. ఎనిమిదేళ్ళ పిల్లలు ఒక పూట ఆయన పక్కన దూరంగా కూర్చుని, రాయిలో మెరిసేదేది, తెల్లగా ఉన్నదేది, నల్లగా ఉన్నదేది విడదీసి చూస్తే మూడు ఖనిజాలు నేర్చుకుంటారు. అదే రాయి వందల వేల ఏళ్ళు ఎండకూ వానకూ నలిగితే ఎర్ర చెలక మట్టి అవుతుందని, జహీరాబాద్, వికారాబాద్ వైపు లావా గడ్డకట్టిన నల్లరాయి నలిగితే నల్లరేగడి అవుతుందని అప్పుడు చెప్పొచ్చు. రెండు గాజు సీసాల్లో రెండు మట్లూ వేసి నీళ్ళు పోసి కుదిపితే ఇసుక నిమిషంలో అడుక్కి దిగుతుంది, బంకమన్ను మర్నాటికీ నీళ్ళను మడ్డిగానే ఉంచుతుంది. ఏ సీసాలో ఎంత పొర అన్నది పిల్లలు స్కేలు పెట్టి కొలవాలి, రాయాలి. రాయడం తప్పదు. ముందు చేతులు కడుక్కోవడానికి ఒక బకెట్ నీళ్ళు పెట్టాలి. నవ్వులాటకు అనడం లేదు. ఆ బకెట్ లేకనే కదా ఒక కాగితం ఖాళీగా మిగిలింది.

ప్రాథమిక తరగతుల్లో తరం మారినా పోని పాఠం ఒకటుంది, 'మన సహాయకులు' అని. కుమ్మరి మనకు కుండలు చేసి ఇస్తాడు, చాకలి మన బట్టలు ఉతుకుతాడు, సఫాయి కార్మికుడు మన వీధి ఊడుస్తాడు. ఇందులో 'మనం' ఎవరు? ఆ కుమ్మరి కూతురు ఆ వాక్యం గట్టిగా చదివేటప్పుడు 'మన' అంటే ఏమని అర్థం చేసుకోవాలె? తన తండ్రి తనకు కాకుండా ఇంకెవరికో సహాయకుడని ఆమె ఆ రోజే నేర్చుకుంటుంది. సహాయకుడు అనే మాటలో గౌరవం ఉన్నట్టు కనిపిస్తుంది, జ్ఞానం మాత్రం లేదు. సాయం చేసేవాణ్ణి ఎవరూ సందేహాలు అడగరు.

ఇంతకంటే నయమైన పుస్తకాలు వచ్చాయి, వాటిని గుర్తించకపోతే అన్యాయం. ఎన్‌సీఈఆర్‌టీ 2008లో తెచ్చిన ఐదో తరగతి పరిసరాల పుస్తకంలో 'ఈ పని ఎవరు చేయాలి' అని అడిగే పాఠం ఒకటుంది. మురుగు శుభ్రం చేసేవాళ్ళతో మాట్లాడి రమ్మని పిల్లలకు చెప్పింది. అంబేడ్కర్ బాల్యం కూడా అందులో ఉంది. దేశంలో ప్రాథమిక స్థాయి పుస్తకం ఈ మాత్రం నోరు విప్పడం చిన్న విషయం కాదు. ఆ వరస పుస్తకాల స్థానంలో 2024 నుంచి కొత్తవి వస్తున్నాయి. అయితే ఆ పాత పుస్తకంలోనూ కులం పారిశుద్ధ్యం పాఠంలోనే ఉంది. నేల పాఠంలో, విత్తనం పాఠంలో లేదు. కులమంటే మురికి పని సమస్య అని మాత్రమే పిల్లలకు చేరింది. జ్ఞానాన్ని ఎవరి దగ్గర్నుంచి లాక్కున్నారనే సంగతి చేరలేదు.

ఆ రెండో సంగతిని పిల్లలకు చెప్పిన పుస్తకం కంచ ఐలయ్య రాసిన 'టర్నింగ్ ది పాట్, టిల్లింగ్ ది లాండ్'. 2007లో నవయాన ప్రచురించింది, గోండు చిత్రకారిణి దుర్గాబాయి వ్యామ్ బొమ్మలు వేసింది. ఆదివాసులు, పశుపాలకులు, తోలు పనివాళ్ళు, కుమ్మర్లు, రైతులు, చాకళ్ళు, మంగళ్ళు ఏమేం కనిపెట్టారో ఒక్కో అధ్యాయంగా చెప్తుంది. మా తరగతి గదుల్లో దీన్ని వాడాం, పిల్లల మొహాల్లో వెలుగు చూశాం. అయినా మాలో మేము కొట్లాడుకున్న విషయం ఒకటుంది. ఒక్కో అధ్యాయానికి ఒక్కో కులం అన్నప్పుడు, మాదిగ పిల్ల తోలు అధ్యాయం దగ్గర "ఇది మాది" అని గర్వపడుతుంది, సరే. ఆ గర్వం ఆమెను మళ్ళీ తోలు దగ్గరే కట్టేస్తే? ఆ పిల్లకు గ్రానైటు మీద ఆసక్తి ఉండొచ్చు, నక్షత్రాల మీద ఉండొచ్చు. మాలో ఒకరు దీనికి జవాబుగా, ముందు గర్వం రానీయండి, తర్వాతి సంగతి తర్వాత అన్నారు. ఇంకొకరు ఒప్పుకోలేదు. మేమింకా ఒక నిర్ణయానికి రాలేదు. కానీ తరగతిలో ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఏ వృత్తి పాఠంలోనైనా ఆ వృత్తి కులం పిల్లలు ప్రశ్నలడిగే జట్టులో, రాసే జట్టులో ఉంటారు. ఎత్తే, తవ్వే, ఊడ్చే జట్టులో మిగతావాళ్ళుంటారు. మొదట్లో మిగతావాళ్ళ ఇళ్ళ నుంచి గొణుగుడు వచ్చింది. వస్తది మరి.

నీటి పాఠం దగ్గర ఈ మర్యాదల ముసుగు పూర్తిగా తొలగిపోతుంది. వాలు అంటే ఏంటో చెప్పడానికి బకెట్ నీళ్ళు ఊరి ఎత్తున పోసి, పిల్లల్ని దాని వెంట నడవమంటే చాలు. నీళ్ళు ఎటు పోతాయి? ఊరి మురుగు ఎక్కడ ఆగుతుంది? అక్కడ ఎవరి ఇళ్ళున్నాయి? 1985 జూలైలో అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో జరిగింది మొదట నీటి గొడవే. మాదిగలు తాగే చెరువు దగ్గర కమ్మ యువకులు గేదెకు కుడితి పెట్టి, కడిగి మురికి నీళ్ళు చెరువులో కలిసేట్టు చేస్తే, వద్దన్న పిల్లవాణ్ణి కొట్టారు. మున్నంగి సువార్త బిందె ఎత్తి అడ్డుకుంది. మర్నాడు, జూలై 17న ఆరుగురు మాదిగల్ని చంపారు. నీటి కాలుష్యం పాఠంలో ఫ్యాక్టరీ గొట్టం బొమ్మ ఎప్పుడూ ఉంటుంది. ఎనిమిదేళ్ళ పిల్లలకు హత్యల కథ చెప్పమని మేమనడం లేదు. తాగే నీళ్ళలో మురికి కలపొద్దని బిందె ఎత్తిన ఒక తల్లి బొమ్మ ఎందుకు ఉండకూడదు అని అడుగుతున్నాం.

అంబేడ్కర్ తన చిన్ననాటి ప్రయాణం గురించి రాసింది కూడా ఈ పాఠంలోకే వస్తుంది. 1901లో అన్నతోనూ మరికొందరు పిల్లలతోనూ తండ్రి పనిచేసే ఊరికి బయల్దేరాడు. మంచి బట్టలు వేసుకున్నారు, తిండి కట్టుకున్నారు. కులం తెలియగానే బండివాళ్ళు రామన్నారు. చివరికి రెట్టింపు కిరాయికి ఒక బండి దొరికితే పిల్లలే తోలుకున్నారు. దారి పొడుగునా ఎవరూ నీళ్ళివ్వలేదు, తిండి దగ్గరుండి కూడా ఆ రాత్రి ఆకలితో పడుకున్నారు. బడి పిల్లల్ని విహారానికి తీసుకుపోయినప్పుడల్లా ఈ ప్రయాణం గుర్తుకొస్తుంది. అదే ఎండ, అదే దారి, అదే వాగు. ఎవరు నడుస్తున్నారన్న దాన్నిబట్టి ఆ దారి మారిపోతుంది.

ఇక మా వాళ్ళ నుంచే వచ్చే అభ్యంతరం. ఒక వాడలో బయటి పాఠాల గురించి చెప్తే ఒక అమ్మ మమ్మల్ని నిలదీసింది: "మన్ను వానికి నేను నేర్పనా? బడికి పంపింది మన్ను ముట్టకుంట బతకాలనే." ఈ మాటకు తేలిగ్గా జవాబు చెప్పేవాళ్ళను నమ్మొద్దు. 1990లలో రంగారెడ్డి జిల్లాలో శాంతా సిన్హా, ఎం.వి. ఫౌండేషన్ వెట్టి నుంచి పిల్లల్ని విడిపించి బడికి తెచ్చినప్పుడు పెట్టిన షరతు ఏంటి? సగం పూట బడీ, రాత్రి బడీ కుదరదు, పూర్తి పూట మామూలు బడే కావాలి అని. పని పేరుతో చదువును కత్తిరించే ప్రతి పథకాన్నీ ఆ ఉద్యమం తిప్పికొట్టింది. ఆ పునాది కదిలించే హక్కు ఏ బోధనా పద్ధతికీ లేదు. శ్రమదానం పేరుతో శుక్రవారం బడి ఊడ్చేది, మరుగుదొడ్డి కడిగేది ఇప్పటికీ ఎక్కువగా ఎవరి పిల్లలో చూస్తే ఆ అమ్మ భయం గాల్లోది కాదని తెలుస్తుంది.

పత్తి విత్తనాల చేలు చూసినవాళ్ళకు ఇంకా బాగా తెలుస్తుంది. 1990ల నుంచీ కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో హైబ్రిడ్ పత్తి విత్తనం కోసం 'క్రాసింగ్' పనికి వేల మంది ఆడపిల్లల్ని పెట్టారు. సాయంత్రం ఆడ వరసలోని మొగ్గకు రేకులు, కేసరాలు గిల్లి తీసేయాలి, లోపలి కీలం దెబ్బతినొద్దు. మర్నాడు పొద్దున మగ వరస పూవు పుప్పొడి తెచ్చి దానికి అద్దాలి. రోజుకు వందల పూలు. ఆ పిల్ల తర్వాత ఎప్పుడో బడికొస్తే, పరాగ సంపర్కం పాఠంలో మందార బొమ్మ గీసి భాగాలు బట్టీపట్టలేక ఫెయిలవుతుంది. మందారం, పత్తి ఒకే కుటుంబం. ఆమె వేళ్ళకు ఆ పాఠం ప్రొఫెసరు కంటే బాగా తెలుసు. ఆ పని నుంచి ఆమెను విడిపించాలా? తప్పకుండా విడిపించాలి. విడిపించి తెచ్చాక ఆ వేళ్ళకు తెలిసిందాన్ని పారేయాలా? అది మాత్రం చేయొద్దు. "ఈ పాఠం ఇయ్యాల నువ్వు చెప్పు బిడ్డా" అని సుద్దముక్క చేతికిచ్చే టీచరు కావాలి.

మెదక్ వైపు జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ దళిత మహిళా సంఘాలు ఈ దిక్కున కొంత దూరం నడిచాయి. మాచునూరులో 1990లలో మొదలైన పచ్చసాలె, బడి చదువునూ చేతి పనుల్నీ కలిపి నేర్పింది. విత్తనాల గురించి, చెలక నేలల గురించి తెలిసిన దళిత స్త్రీలను ఊరి పండితులుగా నిలబెట్టింది ఆ సంఘాలే. మా ప్రశ్న ఒక్కటే. అట్లాంటి చదువు పేద పిల్లల ప్రత్యేక బడికే ఎందుకు పరిమితం కావాలి? పట్నంలో లక్షల ఫీజు కట్టించుకునే బడుల్లోనూ మట్టి పాఠాలున్నాయి, పొలానికి బస్సేసుకుపోతారు. అక్కడ మట్టి సరదా, ఇక్కడ మట్టి జీవనోపాధి. మధ్యలో ఉన్న ప్రభుత్వ బడికి మట్టి శాస్త్రంగా ఎప్పుడొస్తుంది?

2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు పది రోజుల సంచీ లేని రోజులు పెట్టి, స్థానిక వృత్తి నిపుణుల దగ్గరకు పిల్లల్ని పంపమన్నది. వడ్రంగి, తోటమాలి, కుమ్మరి, కళాకారుడు అని ఉదాహరణలిచ్చింది. 'మొదలైనవి' అని కూడా ఉంది, నిజమే. కానీ ఆ పేర్లు రాసిన చేతికి తోలు పని, చాకిరేవు గుర్తుకు రాలేదు. ఎవరి పిల్లలు ఎవరి దగ్గరకు పోతారనే మాటా అందులో లేదు. మాదిగ పిల్లను ఆ పది రోజులు భూగర్భశాఖ ఆఫీసుకు పంపి, కలెక్టరు కొడుకును లంద దగ్గరకు పంపే మండలం ఒక్కటైనా ఉంటే మాకు చెప్పండి, వచ్చి చూస్తాం.

మొదట చెప్పిన బడికి మళ్ళీ పోయాం. సార్‌తో చాలాసేపు మాట్లాడాం. ఆయన నొచ్చుకున్నాడు, తర్వాత ఒప్పుకున్నాడు. ఈసారి నడక చింతచెట్టు అవతల నుంచి మొదలైంది. పూడిపోయిన పాత లంద గుంత చూశారు, చవుడు నేల చూశారు, పసుపు కాగితాలు ముంచారు. తవ్వినవాళ్ళు వేరు, రాసినవాళ్ళు వేరు. గడ్డపార పిల్లవాడు ఈసారి చేతులు కడుక్కుని, కాగితం రెండు వైపులా నింపాడు, అక్షరాలు వంకరగా. పిల్లలంతా కలిసి పెద్ద చార్టు మీద ఊరి పటం గీశారు. ఎత్తు, పల్లం, నీళ్ళు పోయే దారి బాణం గుర్తులతో వేశారు. పట్టా భూములు, చౌడు, రెండు బావులు, ఏ బావి ఎవరిదో పేర్లతో సహా రాశారు. ఆ పటం వరండాలో నాలుగు రోజులు వేలాడింది. ఐదో రోజు బడి కమిటీలో ఒక పెద్దమనిషి చూసి, పిల్లలకు ఇవన్నీ ఎందుకు అన్నాడట. సార్ దాన్ని చుట్టి బీరువాలో పెట్టాడు. పోయిన నెల అడిగితే ఇంకా బీరువాలోనే ఉందన్నాడు, తాళం హెడ్‌మాస్టర్ దగ్గరుందట.